ఇంట్లో వాడే ఆక్సిజన్ మిషన్‌కు, బైపాప్‌కు ఆరోగ్య బీమా డబ్బులు వస్తాయా?

దేవరకొండ నుంచి మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి 66 ఏళ్లు, చాలాకాలంగా దమ్ము ఉంది. ఇప్పుడు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లోని గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) అని తేల్చారు. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో 9 రోజులు ఉంచి పంపించారు, ఆ బిల్లు క్యాష్‌లెస్‌లో తీరింది. ఇంట్లో పెట్టుకోవడానికి 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్), రాత్రిపూట వాడటానికి బైపాప్ (మాస్కు ద్వారా పీడనంతో గాలిని లోపలికి పంపే మిషన్) రాశారు. రెండూ కలిపి 1,05,000 రూపాయలు అవుతుందని దుకాణదారు చెప్పాడు. బీమా కంపెనీ ఫోన్‌లో "రాదు" అంటోంది, ఆస్పత్రిలోని బీమా కౌంటర్ వారు "బిల్లు పెట్టి చూడండి, వచ్చినా రావచ్చు" అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం, కొనే ముందు ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా సమాధానం. మామూలు ఆరోగ్య బీమా పాలసీలో ఈ రెండు మిషన్ల కొనుగోలు ధర రాదు. ఫోన్‌లో చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. అయితే వారు చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. అవే మిషన్లను అద్దెకు తీసుకొని, ఆ అద్దెను ఆస్పత్రిలో మొదలైన చికిత్సకు కొనసాగింపుగా కాగితాల మీద చూపించగలిగితే, పాలసీ షరతుల్లో ఉన్న మాటలను బట్టి, డిశ్చార్జ్ తర్వాత 60 రోజులకో 90 రోజులకో కొంత రాబట్టుకునే దారి ఉంటుంది. కాబట్టి ఈ వారం ఏదీ కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. ఈ సలహా బీమా డబ్బుల కోసమే కాదు, వైద్యపరంగా కూడా సరైనదే. ఎందుకో కింద చెబుతాను.

నేను 2004లో ఈ పనిలోకి వచ్చాను. మొదటి ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక టీపీఏలో (బీమా కంపెనీల తరఫున క్లెయిమ్‌లు పరిశీలించే సంస్థలో) క్లెయిమ్ ఫైళ్లు చూశాను, అంటే కోతలు పెట్టే బల్లకు అటువైపు కూర్చున్నాను. ఆ తర్వాత నల్లగొండకు తిరిగి వచ్చి ఇటువైపు, పాలసీదారుల తరఫున పనిచేస్తున్నాను. రెండు వైపులా చూసినవాణ్ణి గనుక కంపెనీ ఎందుకు కాదంటుందో మొదట చెప్పాలి.

1986లో ప్రభుత్వ రంగ కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చినప్పటి నుంచి మన ఆరోగ్య బీమా అంతా ఆస్పత్రి మంచం చుట్టూనే తిరుగుతోంది. మనిషి మంచం మీద ఉన్నంతసేపు అతని ఊపిరికి పెట్టిన ప్రతి గొట్టానికీ డబ్బులిస్తారు, అదే మనిషి అదే జబ్బుతో ఇంటి మంచం మీదికి రాగానే ఆ గొట్టం "వ్యక్తిగత వస్తువు" అయిపోతుంది. పాత మెడిక్లెయిమ్ షరతుల్లో మినహాయింపుల పేజీ తెరిస్తే, బయట వాడే మన్నికైన పరికరాలు ఏవైనా సరే, తర్వాత ఇంట్లో వాడుకునే వైద్య పరికరం ఏదైనా సరే ఇవ్వబోమన్న అర్థంలో ఒక పెద్ద వాక్యం ఉంటుంది. ఇప్పటి పాలసీల్లో చాలావాటిలో అది కాస్త మాట మార్చుకొని అలాగే కొనసాగుతోంది. దీనికి తోడు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన చెల్లించనక్కరలేని వస్తువుల జాబితా ఒకటుంది. అందులో 68 వస్తువులున్నాయి. వాకర్ వంటి నడక సాధనాలు, ఆస్పత్రి వెలుపల వాడే ఆక్సిజన్ సిలిండర్, నెబ్యులైజర్ కిట్, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్, గాలి పరుపు, నడుము బెల్టు, డయపర్లు, అన్నీ అందులోనివే. బైపాప్, దానిలాంటిదే అయిన సీపాప్ ఆ జాబితాలో కాకుండా మరో జాబితాలో, చికిత్స ఖర్చులోనే కలిసిపోయినట్టు లెక్కించాల్సిన వాటిలో ఉంటాయి. అంటే ఐసీయూలో వాడిన బైపాప్‌కు ఆస్పత్రి విడిగా వసూలు చేయకూడదు అని దాని భావం. మీ ఇంటి బైపాప్ గురించి అది ఏమీ చెప్పదు.

ఇక్కడ నేనే చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఈ 68 వస్తువులకూ డబ్బులిచ్చే రైడర్లు (అదనపు ప్రీమియంతో పాలసీకి జోడించుకునే కవర్లు) వచ్చిన కొత్తలో, చౌటుప్పల్‌లోని ఒక కుటుంబానికి "ఈ రైడర్ తీసుకుంటే నెబ్యులైజర్ కూడా వస్తుంది" అని నమ్మకంగా చెప్పాను. జాబితాలో నెబ్యులైజర్ పేరు ఉంది కాబట్టి అలా అనుకున్నాను. ఏడాది తర్వాత వారు నెబ్యులైజర్ కొని బిల్లు పెడితే తిరిగివచ్చింది. రైడర్ షరతు తీరిగ్గా చదివితే "ఆస్పత్రిలో చేరి ఉన్న కాలంలో" అన్న నాలుగు మాటలు కనిపించాయి. గ్లౌజులకు, మాస్కులకు ఆ రైడర్ బాగా పనికొస్తుంది, పెద్ద ఆపరేషన్ బిల్లులో ఈ చిల్లర కోతలే వేలల్లో ఉంటాయి. ఇంట్లో వాడే మిషన్ కోసం మాత్రం దాన్ని నమ్ముకోకండి. కొన్ని కంపెనీల ఖరీదైన పాలసీల్లో మన్నికైన వైద్య పరికరాల కవర్ అని విడిగానే ఉంటుంది, దానికి ఒక పరిమితి, పరికరాల పేర్ల పట్టిక ఉంటాయి. మీ పాలసీ పత్రంలో ఆ పేరుతో ఒక వరుస ఉందేమో మొదట చూడండి. ఉంటే మీ సమస్య సగం తీరినట్టే, లేకపోతే ఇప్పుడు దాన్ని కొత్తగా తీసుకున్నా ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు డబ్బులు రాని నిరీక్షణ గడువు) పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకు ఆ గడువు 36 నెలలు మించకూడదని నిబంధన వచ్చింది, అంతకు ముందు 48 నెలల దాకా ఉండేది.

ఇప్పుడు అద్దె సంగతి. దాదాపు ప్రతి పాలసీలోనూ డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు అనే భాగం ఉంటుంది. ఆరోగ్య సంజీవని వంటి ప్రామాణిక పాలసీలో అది 60 రోజులు, చాలా ప్రైవేటు పాలసీల్లో 90 రోజులు, కొన్నింటిలో 180 రోజులు. ఆస్పత్రిలో ఏ జబ్బుకు చేరారో అదే జబ్బుకు సంబంధించిన మందులు, పరీక్షలు, డాక్టర్ ఫీజులు ఈ గడువులో ఇస్తారు. మినహాయింపు వాక్యం "పరికరం ఖరీదు" అని మాత్రమే అంటే, అద్దె దాని కిందికి రాదని వాదించవచ్చు. "కొనుగోలు లేదా అద్దె" అని స్పష్టంగా రాసి ఉంటే ఆ దారి మూసుకున్నట్టే, అక్కడ శ్రమపడి లాభం లేదు. అందుకే మినహాయింపుల పేజీలో పరికరాల వాక్యాన్ని ఒక్కో మాటా విడదీసి చదవండి. వెబ్‌సైట్‌లోని రంగుల కరపత్రం కాదు, పాలసీతో పాటు వచ్చిన షరతుల పుస్తకం చదవాలి.

హాలియాకు చెందిన ఒక రైతు విషయంలో ఇలాగే జరిగింది. రెండు నెలల అద్దె బిల్లులు పెడితే "చెల్లించదగినది కాదు" అని ఒకే మాట రాసి తిప్పి పంపారు. ఏ షరతు కింద కాదన్నారో చెప్పమని లిఖితపూర్వకంగా అడిగాం. వారు పంపిన షరతులో "ఖరీదు" అన్న మాటే ఉంది, అద్దె ఊసు లేదు. షరతులో రెండర్థాలకు చోటుంటే పాలసీదారుకు అనుకూలమైన అర్థాన్నే తీసుకోవాలన్నది మన కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. ఆ సంగతి గుర్తుచేస్తూ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాక అద్దె ఇచ్చారు. మిషన్‌తో పాటు కొన్న గొట్టాలకు, ఆక్సిజన్‌కు తేమ పట్టించే హ్యూమిడిఫైయర్ సీసాకు ఇవ్వలేదు. దాని కోసం మేం పోట్లాడలేదు కూడా.

అద్దె వైద్యపరంగా కూడా ఎందుకు మేలో ఇప్పుడు చెబుతాను. ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరినవారికి డిశ్చార్జ్ నాటి ఆక్సిజన్ అవసరం శాశ్వతం కాకపోవచ్చు. 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పరీక్షించి, అప్పటికీ అవసరమైతేనే దీర్ఘకాలం కొనసాగించాలన్నది ఊపిరితిత్తుల వైద్యులు పాటించే పద్ధతి. ఆ హాలియా రైతుకు తొమ్మిదో వారంలో మామూలు గాలి మీద రక్తంలో ఆక్సిజన్ 93 శాతం వచ్చింది, మిషన్ వెనక్కి ఇచ్చేశారు. కొని ఉంటే యాభై వేలు పెట్టిన పెట్టె మీద దుప్పటి కప్పి మూలన పెట్టుకునేవారు. అలాంటి పెట్టెలు నల్లగొండలో నాకు తెలిసిన ఇళ్లలోనే ఆరేడు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం 2021లో కొన్నవి.

అన్నిటికంటే బరువైన కాగితం డాక్టర్ చీటీ. నా బల్ల మీదికి వచ్చిన చీటీల్లో సగానికి పైగా "ఇంట్లో ఆక్సిజన్, ఎస్ఓఎస్" అని ఒక్క గీతలో ఉండేవి. ఎస్ఓఎస్ అంటే అవసరమనిపించినప్పుడు అని అర్థం. ఆ మూడక్షరాలు చూడగానే టీపీఏలో కూర్చున్న డాక్టర్ "ఇది చికిత్స కాదు, సౌకర్యం" అని పక్కన పెడతాడు, నా ఎదురుగానే అలా పెట్టడం ఎన్నోసార్లు చూశాను. మీరు మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు, మొహమాటపడకుండా, లెటర్‌హెడ్ మీద ఈ వివరాలన్నీ రాయించుకోండి: జబ్బు పేరు డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నట్టే ఉండాలి, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి మీద చూసిన శాతం ఎంతో, ఏ తేదీన చూశారో ఉండాలి, రక్తంలో వాయువుల పరీక్ష చేసి ఉంటే ఆ అంకె ఉండాలి, నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని వారాలు, మళ్లీ ఎప్పుడు పరీక్షిస్తారు అన్నవి ఉండాలి. దీర్ఘకాల ఆక్సిజన్ అంటే రోజుకు కనీసం 15 గంటలు, సాధారణంగా 88 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికే ఇస్తారు గనుక ఆ అంకెలు లేని చీటీకి విలువ ఉండదు. బైపాప్‌కైతే ఊపిరి పీల్చేటప్పటి, వదిలేటప్పటి రెండు పీడనాల అంకెలూ రాయించండి. "ఈ చికిత్స ఆస్పత్రిలో మొదలై ఇంట్లో కొనసాగుతోంది, ఇది లేకుంటే మళ్లీ ఆస్పత్రిలో చేర్చవలసి వస్తుంది" అన్న వాక్యం ఒకటి ఉంటే మరీ మంచిది, అది నిజమైతేనే సుమా. డాక్టర్లకు తీరిక ఉండదు. మీరే ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకొని వెళితే వారికీ సులువు.

ఈ చీటీతోనే చిన్న జాగ్రత్త. డిశ్చార్జ్ సమ్మరీలో "30 ఏళ్లుగా బీడీలు, 10 ఏళ్లుగా దమ్ము" అని రాసి ఉందా? పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి చెప్పారా? చెప్పకపోతే అద్దె సంగతి అటుంచి, చెల్లించిన క్యాష్‌లెస్ మీద కూడా ప్రశ్నలు వచ్చే వీలుంది. పాలసీ విరామం లేకుండా 60 నెలలు పూర్తయి ఉంటే, మోసం అని రుజువు చేస్తే తప్ప దాన్ని కారణంగా చూపలేరు. ఇది కూడా 2024లో మారిన నిబంధనే, అంతకు ముందు 8 ఏళ్లు ఉండేది.

చాలామంది నన్ను డొమిసిలియరీ కవర్ గురించి అడుగుతారు, అంటే ఆస్పత్రిలో చేయవలసిన చికిత్సను ఇంట్లోనే చేయించుకోవడం. పేరు వినగానే మీ కేసు కోసమే పుట్టినట్టు అనిపిస్తుంది. రోగి కదిలే స్థితిలో లేకపోవడమో, ఆస్పత్రిలో మంచం దొరకకపోవడమో ఉండాలి, సాధారణంగా మూడు రోజులు దాటాలి, అంతవరకు బాగానే ఉంటుంది. కానీ దాని మినహాయింపుల్లో ఉబ్బసం, బ్రాంకైటిస్, మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, కీళ్లనొప్పులు వరుసగా ఉంటాయి. సీఓపీడీని వారు బ్రాంకైటిస్ కిందికే లాగుతారు. దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

దానికంటే మెరుగైనది కొత్త పాలసీల్లో వచ్చిన హోమ్ కేర్ చికిత్స. కరోనా కాలంలో, 2020 జూలైలో వచ్చిన కరోనా కవచ్ పాలసీలో 14 రోజుల వరకు ఇంటి చికిత్సకు డబ్బులిచ్చేవారు, పల్స్ ఆక్సీమీటరు, ఆక్సిజన్ సిలిండర్, నెబ్యులైజర్ అందులో చేరి ఉండేవి. ఇంటి మిషన్‌కు బీమా ఇవ్వలేదన్న మాట నిజం కాదు, ఇవ్వదలచుకున్నప్పుడు ఇచ్చింది. ఇప్పటి హోమ్ కేర్ కవర్‌లో కంపెనీతో ఒప్పందం ఉన్న సంస్థ నర్సును, మిషన్‌ను పంపుతుంది, రోజూ రికార్డు రాస్తుంది, ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇబ్బంది ఏమిటంటే ఆ సంస్థలు ఎక్కువగా హైదరాబాద్ దాటి రావు. మీ అదృష్టం బాగుండి నల్లగొండకు వచ్చినా దేవరకొండకు వస్తారని నేను హామీ ఇవ్వలేను. అయినా కంపెనీకి ఒక ఈ-మెయిల్ పెట్టండి, "మా ఊళ్లో మీ సంస్థ లేదు కాబట్టి స్థానికంగా అద్దెకు తీసుకుంటాం, అనుమతించండి" అని. వారు కాదన్నా ఆ జవాబు లిఖితంగా ఉంటుంది. ఫోన్‌లో "రాదు" అన్న మాటను ఎక్కడా చూపించలేరు.

మీ కుటుంబంలో ఎవరైనా హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం చేస్తున్నారా, ఆ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారా? మీరు ఆ మాట రాయలేదు గాని, ఉంటే మొదట అక్కడే అడగాలి. గ్రూప్ పాలసీ షరతులు యాజమాన్యం బేరమాడి రాయించుకున్నవి, కొన్నింటిలో మామూలు పరిమితిలో తీరని ఖర్చుల కోసం కార్పొరేట్ బఫర్ అని విడిగా ఒక మొత్తం ఉంచుతారు. కల్వకుర్తికి చెందిన ఒకావిడ బైపాప్‌కు వ్యక్తిగత పాలసీ పైసా ఇవ్వలేదు, కొడుకు ఆఫీసు హెచ్ఆర్ సిఫారసుతో గ్రూప్ పాలసీ నుంచి సగానికి పైగా వచ్చింది.

ప్రభుత్వ దారులను త్వరగా చెప్పేస్తాను. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మన మహబూబ్‌నగర్ తొలి మూడు జిల్లాల్లో ఒకటి. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెరిగింది. కానీ అది ఆస్పత్రి చికిత్సల ప్యాకేజీల పథకం, ఇంటికి మిషన్ కొనివ్వదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం కింద కాన్సంట్రేటర్‌కు, బైపాప్‌కు పరిమితుల మేరకు డబ్బులిస్తారు, ముందుగా అనుమతి తీసుకోవాలి. తపాలా శాఖలో రిటైరైన ఒక పెద్దమనిషి ముందు కొని తర్వాత అడిగి నెలల తరబడి తిరిగారు. మాజీ సైనికులైతే ఈసీహెచ్‌ఎస్ అనే అలాంటి పథకమే ఉంది. వీల్‌చైరు, చంకకర్రలు, వినికిడి యంత్రం కావలసినవారికి ఆలింకో (సహాయ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శిబిరాల ద్వారా దివ్యాంగులకు ఆడిప్, పెద్దవారికి వయోశ్రీ పథకాలున్నాయి. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన పెద్దవారికి నేను ముందు చెప్పేది అదే, వారికి బీమా కంటే ఆ శిబిరం దగ్గర.

కంపెనీ కాదంటే వరుస ఇది. మొదట తిరస్కరణను లిఖితంగా, ఏ షరతు కిందో చెబుతూ ఇవ్వమనండి. కంపెనీలోని క్లెయిమ్ సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది, ఆ కమిటీ చూసిందా అని కూడా అడగండి. తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, దానితో పాటే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి, లేదా 155255కు ఫోన్ చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి ఏడాదిలోగా వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఇరవై వేల అద్దె కోసం జిల్లా వినియోగదారుల కమిషన్ కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

అద్దె దుకాణం దగ్గర రెండు మాటలు. జీఎస్టీ నంబరున్న బిల్లు, రోగి పేరు మీద, మిషన్ సీరియల్ నంబరుతో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాసి నెలనెలా తీసుకోండి. డిపాజిట్ రసీదు వేరుగా ఉండాలి. "ఆక్సిజన్ మిషన్ 1" అని ఒకే వరుసలో డిపాజిట్, అద్దె కలిపి రాసిన బిల్లును అమ్మకం బిల్లుగా లెక్కగట్టి కొట్టేసిన సందర్భం నాకు తెలుసు. డబ్బు ఆన్‌లైన్‌లో చెల్లించండి.

బీమా ఎటూ ఇవ్వని ఖర్చు మరొకటుంది. 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తింటుంది, రోజుకు 16 గంటలు నడిస్తే నెలకు 170 యూనిట్ల దాకా అవుతుంది. మీకు గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తూ ఉంటే, ఇంటి వాడకంతో కలిపి 200 యూనిట్లు దాటి ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. కరెంటు పోయినప్పటి కోసం చిన్న సిలిండర్ ఒకటి ఇంట్లో ఉండాలి, ఆ ఖర్చు కూడా మీదే.

చివరిగా గడువు. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుల బిల్లులను ఆ 60 లేదా 90 రోజులు ముగిసిన 15 రోజుల్లో ఇవ్వాలని చాలా పాలసీల్లో ఉంటుంది. డిశ్చార్జ్ తేదీ నుంచి లెక్కపెట్టి క్యాలెండర్ మీద ఆ రోజుకు గుర్తు పెట్టుకోండి. ఒరిజినల్ బిల్లులు పంపే ముందు అన్నిటికీ జిరాక్స్ తీసుకొని, పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు రసీదును వాటితోనే పెట్టండి. మీ పాలసీ షరతుల్లో పరికరాల గురించిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తే, అద్దె అందులో ఇరుక్కుంటుందో లేదో చూసి చెబుతాను. పాలసీ నంబరు, నాన్నగారి పేరు మాత్రం రాయకండి.